అమీర్‌పేట జిరాక్స్ ప్రతి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి తొలి మెట్టు ఎక్కడ అని వెతికితే, స్పైరల్ బైండింగ్ చేసిన ఓ చేతిరాత నోట్సు దొరికింది

“ఏఐ వచ్చాక కూడా పిల్లలు అమీర్‌పేటకు వస్తున్నారా? వస్తే ఏం నేర్చుకుంటున్నారు? గురువారం సాయంత్రానికి కాపీ ఇచ్చెయ్యండి” అన్నారు ఎడిటర్ గారు. మొదటి ప్రశ్నకు జవాబు మెట్రో దిగగానే దొరికింది. వీపున బ్యాగు, చేతిలో వాటర్ బాటిల్, మెడలో ఇయర్‌ఫోన్లతో మైత్రీవనం వైపు నడిచే గుంపులు ఏమీ పలచబడలేదు. ఆదిత్య ఎన్‌క్లేవ్ గోడల మీద బోర్డులు మాత్రం మారాయి. జావా ఫుల్ స్టాక్, డెవాప్స్, డేటా ఇంజినీరింగ్, వాటన్నిటి పైన జెన్ ఏఐ. ప్రతి బోర్డు మీదా ‘హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’. హండ్రెడ్ పర్సెంట్ పెద్దక్షరాల్లో, అసిస్టెన్స్ చిన్నక్షరాల్లో. ఆ బోర్డుల మీద నాకు నమ్మకం లేదు కాబట్టి వాటి సంగతి ఇక్కడితో సరి.

నన్ను పట్టుకున్నది ఓ జిరాక్స్ షాపు.

“ఏ సార్ నోట్స్ కావాలి సార్? కోర్ జావానా, అడ్వాన్స్‌డా? స్ప్రింగ్ బూట్ కూడా ఉంది” అన్నాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. వెనక అరల నిండా స్పైరల్ కట్టలు. రన్నింగ్ నోట్స్ అంటే ఇవే. క్లాసులో సార్ చెబుతూ బోర్డు మీద రాస్తుంటే, బ్యాచ్‌లో చేతిరాత బాగున్నవాళ్లు ఒక్క ముక్క పోకుండా ఎక్కించుకుంటారు. బ్యాచ్ అయ్యేసరికి ఆ పుస్తకం షాపుకు చేరుతుంది. అక్కణ్నుంచి కాపీకి కాపీ. పేరుండదు, తేదీ ఉండదు, సార్ పేరు మొదటి పేజీలో ఉంటే ఉంటుంది. కోర్ జావా కొనుక్కుని, పక్క సందులో టీ చెప్పి, పేజీలు తిప్పడం మొదలుపెట్టాను.

తేదీ లేని తాళపత్రాన్ని పండితులు ఎలా పరిష్కరిస్తారో, దీన్నీ అలాగే చదవాల్సి వచ్చింది. ఒకచోట ‘కొత్తగా వచ్చినవి: ఫర్-ఈచ్, జెనెరిక్స్, ఆటోబాక్సింగ్’ అని ఉంది. అవి 2004లో వచ్చిన జావా 5 నాటివి. ఇంకోచోట, జావాను సన్ మైక్రోసిస్టమ్స్ సైటు నుంచి దించుకోమని ఉంది. సన్‌ను ఆరకిల్ కొన్నది 2010 జనవరిలో. అంటే మూలప్రతి ఈ రెంటికీ మధ్యది. చివర్లో చేతిరాత మారిపోయి, గుండ్రటి అక్షరాల్లో లాంబ్డా పాఠం మొదలవుతుంది. లాంబ్డాలు 2014 మార్చిలో వచ్చిన జావా 8తో వచ్చాయి కనుక అది తర్వాతి వాళ్లు కలిపిన ప్రక్షిప్తం. ఆప్లెట్లకు మాత్రం ఇంకా ఒక పెద్ద అధ్యాయం ఉంది. 2017లో జావా 9తోనే వాటిని వాడొద్దని చెప్పేశారు. ఆ సంగతి జిరాక్స్ మెషీన్‌కు తెలీదు.

అసలు విశేషం ఈ ప్రతిలో కాదు, ఆ సాయంత్రం ఎస్సార్ నగర్ హాస్టల్లో ఓ ఖమ్మం జిల్లా కుర్రాడు చూపించిన ఇదే నోట్సు పాత ప్రతిలో ఉంది. “ఇది మా రూమ్‌మేట్ అన్నది సార్. జాబ్ వచ్చి బెంగళూరు పోతూ నాకిచ్చాడు” అన్నాడు. అట్ట ఊడింది, మూలలు మడతలు పడ్డాయి. అంచుల నిండా నీలం పెన్నుతో ఆ రూమ్‌మేట్ రాతలు.

కంట్రోల్ స్టేట్‌మెంట్ల పాఠంలో ఒక లేఖక దోషం ఉంది. ఏ, బీ సమానమా అని అడగాలంటే జావాలో ఈక్వల్‌టు గుర్తు రెండుసార్లు పెట్టాలి. రాసినవాళ్లు తొందరలో ఒకటే పెట్టారు. నా కొత్త ప్రతిలోనూ అదే తప్పు, అదే పేజీలో. ఎన్ని వందల మంది దాన్ని కంఠస్థం చేసి ఉంటారో! మన రూమ్‌మేట్ మాత్రం దాన్ని ఉన్నదున్నట్టు టైపు చేశాడు. కంపైలర్ తిరగ్గొట్టింది. ‘ఇన్‌కంపాటిబుల్ టైప్స్: ఇంట్ కెనాట్ బి కన్వర్టెడ్ టు బూలియన్’ అన్న ఎర్రర్‌ను అక్షరం పొల్లుపోకుండా అంచున ఎక్కించి, కింద ‘ఒక ఈక్వల్‌టు అంటే విలువ పెట్టెయ్యడం. ఇఫ్‌కు కావాల్సింది అవునా కాదా అన్నది’ అని తెలుగులోనే రాసుకున్నాడు. దానికింద మరో రోజు, మరో ఇంకుతో: ‘అవే బూలియన్లైతే ఎర్రర్ రాదు!! తప్పు జరిగినా తెలీదు. డేంజర్.’

నిజమే, రాదు. రెండువైపులా బూలియన్లే ఉంటే కంపైలర్ నోరెత్తదు. ప్రోగ్రామ్ నడుస్తూనే తప్పు దారి పడుతుంది. ఆ మాట నోట్సులో ఎక్కడా లేదు.

ఇంకొంచెం ముందుకెళ్తే ఓ పేజీకి పెద్ద నక్షత్రం గుర్తు, ‘ఇంటర్వ్యూ క్వశ్చన్’. రెండు ఇంటీజర్ ఆబ్జెక్టుల్లో 127 వేసి రెండు ఈక్వల్‌టులతో పోలిస్తే ట్రూ. 128 వేసి పోలిస్తే ఫాల్స్. నోట్సులో అంతే. ఇవాళ జ్ఞాపకం పెట్టుకుని రేపు ఇంటర్వ్యూలో అప్పజెప్పడానికి అది చాలు కూడా. పక్కన నీలం పెన్ను ‘ఎందుకు??’ అంది. కిందికి పోతే ప్రయోగాలు: మైనస్ 128 ట్రూ, మైనస్ 129 ఫాల్స్. తర్వాత, ‘చిన్న నంబర్లు ముందే చేసి పెట్టుకుంటుందా?’ ఆ తర్వాత, ‘వాల్యూఆఫ్ సోర్స్ కోడ్ తెరిచా. క్యాష్.’

ఆ పేజీ దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. మైనస్ 128 నుంచి 127 దాకా ఉన్న అంకెలకు జావా ఆబ్జెక్టులను ముందే తయారుచేసి పెట్టుకుంటుంది. ఆ పరిధిలో రెండుసార్లు అడిగినా ఇచ్చేది ఒకటే ఆబ్జెక్టు. 128 అడిగితే మామూలుగా ప్రతిసారీ కొత్తది చేసిస్తుంది. రెండు ఈక్వల్‌టులు చూసేది లోపలి అంకెను కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అన్నది. అందుకే విలువను పోల్చాలంటే ఈక్వల్స్ అనే మెథడ్ వాడాలి. ఇది పుస్తక విశేషం కాదు. కస్టమర్ నంబర్లను ఇలా పోల్చిన ప్రోగ్రామ్ ఒకటి, రెండు, మూడు నంబర్లతో టెస్టింగ్‌లో చక్కగా పాసవుతుంది. లైవ్‌లోకి వెళ్లి నంబర్లు 127 దాటాక బిల్లు ఎవరిదో తేల్చుకోలేక మొరాయిస్తుంది. టెస్టింగ్ చేసినవాళ్లు తమ దగ్గర బాగానే ఉందంటారు. వాళ్ల దగ్గర బాగానే ఉంటుంది మరి.

ఏఐని అడిగితే ఇదంతా క్షణంలో చెబుతుంది. అడిగి చూశాను, సరిగ్గానే చెప్పింది. కానీ అడగాలంటే ముందు అనుమానం రావాలి కదా. ఫ్రెషర్ దగ్గర ఇప్పుడు వెతుకుతున్నది ఆ అనుమానాన్నే అని నా నమ్మకం. ఇంటర్వ్యూ చేసేవాళ్లు కూడా నిర్వచనాలు వదిలేసి, స్క్రీన్ షేర్ చేయించి, నడుస్తున్న కోడ్‌లో ఒక లైను మార్చి ‘ఇప్పుడేమవుతుంది?’ అంటున్నారని హాస్టల్లో అందరిదీ ఒకటే మాట.

ఇక చరిత్ర, చోటున్నంతలో. వైటూకే హడావిడిలో అమెరికాకు మనుషులు కావాల్సొచ్చి ఇక్కడ కోబాల్, మెయిన్‌ఫ్రేమ్స్ క్లాసులు కిటకిటలాడాయి. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. డాట్‌కామ్ బుడగ పేలింది, మళ్లీ జావా, డాట్‌నెట్, శాప్ గాలి వీచింది. ఇంజినీరింగ్ కాలేజీలు ఊరూరా పెరిగాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, 2008 మాంద్యం కొట్టింది, 2017లో మెట్రో వచ్చింది, 2020లో కోవిడ్‌కు క్లాసులు ఆన్‌లైన్‌కు ఎక్కాయి. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ దిగింది. 2025 జులైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని తగ్గించుకుంటామని ప్రకటించింది. ప్రతిసారీ అమీర్‌పేట పని అయిపోయిందన్నారు. ప్రతిసారీ బోర్డులు మార్చుకుంది.

ఖమ్మం కుర్రాడికి ఇప్పుడో సమస్య ఉంది. ఎల్‌వన్ సపోర్ట్ ఉద్యోగం వచ్చేట్టుంది, నైట్ షిఫ్ట్. “సపోర్ట్‌లో పడితే డెవలప్‌మెంట్‌లోకి రాలేవురా అంటున్నారు సార్ అందరూ. ఇంట్లో ఏమో చేరిపొమ్మంటున్నారు. ఏం చెయ్యమంటారు?” అన్నాడు. చేరమన్నాను. అర్ధరాత్రి పడిపోయిన సర్వర్ లాగ్‌లో తప్పెక్కడుందో వెతకడం, లైవ్ డేటాబేస్ మీద భయపడుతూ క్వెరీ కొట్టడం ఏ క్లాసులోనూ నేర్పరు. ఎవరో రాసిన కోడ్ ఎలా చస్తుందో చూసినవాడికి, తను రాసేటప్పుడు ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుస్తుంది. ఏడాది, ఏడాదిన్నరలో బయటికి రావాలన్నది మాత్రం మొదటిరోజే మనసులో పెట్టుకోవాలి. అతనింకా తేల్చుకోలేదు.

ఫేక్ పెట్టాలా?

హాస్టల్ మెస్‌లలో రోజూ నలిగే ప్రశ్న. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు లెటర్లు, పే స్లిప్పులు తయారుచేసిచ్చే కన్సల్టెన్సీలు ఇప్పటికీ ఉన్నాయి. కానీ 2014లో పీఎఫ్‌కు యూఏఎన్ వచ్చింది. ఉద్యోగాలు ఎన్ని మారినా నంబరు ఒకటే. ఎక్కడ ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు అదే అడుగుతున్నాయి. చేరిన ఆర్నెల్లకు బయటపడ్డా ఉద్యోగం ఊడుతుంది, ఇంకోచోట చెప్పుకునే వీలుండదు.

నోట్సులో లేనివి

గిట్. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లైనక్స్ కెర్నల్ పని కోసం రాసిన పనిముట్టు. ఉద్యోగంలో మొదటి వారమే చేతికి తగిలేది ఇదే. లైనక్స్ కమాండ్లు ఓ పాతిక, ఎస్‌క్యూఎల్‌లో జాయిన్లు తడుముకోకుండా రావాలి. ఐఐటీ ప్రొఫెసర్ల ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. తెలంగాణలో టాస్క్, ఆంధ్రలో ఏపీఎస్‌ఎస్‌డీసీ ప్రభుత్వ నైపుణ్య సంస్థలు. ప్రైవేటు కోర్సుకు వేలు కట్టేముందు వాటిలో ఏం నడుస్తోందో చూడండి.

డబ్బు అడిగితే

ఆఫర్ లెటర్‌కో, లాప్‌టాప్ డిపాజిట్‌కో, ట్రైనింగ్ బాండ్‌కో ముందు డబ్బు కట్టమంటే ఆగండి. మెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందా, జీమెయిల్ నుంచా చూసుకోండి. కంపెనీ వెబ్‌సైట్‌లోని కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందో లేదో వెతకండి. అప్పటికే కట్టేసి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చెయ్యాలి. సైబర్ ఆర్థిక మోసాలకు అది జాతీయ హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఖాతాలు మారకుండా ఆపడానికి అంత వీలుంటుంది.