వార్తల్లో పదం: అలీవియేట్

విరిగిన కాలితో పుత్తూరు చెంతనున్న రాచపాళెమునకు మోసికొని తేబడిన వానికి, ఆకుపసరును కోడిగ్రుడ్డు తెల్లసొనను పట్టించి, వెదురుబద్దలు కూర్చి, గుడ్డతో బిగించి కట్టు కట్టిన పిమ్మట, ఎముక యింకను అతుకకున్నను బాధ మాత్ర మొకింత తగ్గుట యేది కలదో, అదియే ఆంగ్లమున అలీవియేట్ అను క్రియకు సరియైన యర్థము. 'తేలికైన' అను నర్థముగల లెవిస్ అను లాటిన్ పదమునుండి పుట్టిన దగుటచే, ఇది బరువును దించునే కాని మూలమును ద్రుంచదు. నొప్పిని, దప్పికను, రద్దీని అలీవియేట్ చేయవచ్చును. ధరను, జీతమును చేయరాదు, వానికి రెడ్యూస్ అను సామాన్యక్రియ చాలును. తుపాను నష్టతీవ్రతను ముందుగనే తగ్గించుటకు వాడు మిటిగేట్ దీనికి దాయాది.

వార్తలలో నీ పదమునకు దారిద్ర్యముతోడి పొత్తు మెండు. 2006 మొదలు 2017 వఱకు కేంద్ర గృహనిర్మాణ మంత్రిత్వశాఖ పేరున పట్టణ పేదరికమునకు 'అలీవియేషన్' చేర్పబడియుండగా, పట్టణ పేదరికముపై పనిచేయు మన మెప్మా సంస్థ ఆంగ్లనామమున నున్నది 'ఎలిమినేషన్'. మొదటిది ఉపశమనము, రెండవది నిర్మూలనము. తెలుగున రెంటికిని తఱచుగా 'నిర్మూలన' యనియే వ్రాయుచుండుట చూచినపుడు, కట్టు కట్టిననాడే రోగిని పుత్తూరు పొరుగు పట్టణమైన నగరి దాక నడువుమన్నట్లు నాకు దోచును.