మూత తీసిన తేదీ రాసుకుందాం

మన హాస్టల్లో చదివి బ్యూటీషియన్ పనిలో స్థిరపడుతున్న అక్కాచెల్లెళ్ల కోసం మేము రాస్తున్న నాలుగు మాటలివి. డబ్బాపై ఉండే గడువు తేదీ మూత తీయని సరుకుకు లెక్క. తెరిచాక గాలి, తడి, వేళ్లు తగిలి సూక్ష్మక్రిములు పెరుగుతాయి. కొన్నింటిపై మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 12 అంకె పక్కన ఇంగ్లీషు ‘ఎం’ అక్షరం ఉంటాయి. అంటే తెరిచాక 12 నెలలే వాడాలని. మస్కారాను 3 నెలలకే మార్చాలి. ఎండిపోతే నీళ్లు కలపరాదు. ఒకరి కంటికి వాడిన బ్రష్‌ను మరొకరికి వాడితే కళ్లకలక అంటుకోవచ్చు. క్రీమును వేలితో కాక శుభ్రమైన పుల్లతో తీయాలి. మూత తీసిన రోజే డబ్బాపై తేదీ రాద్దాం. అప్పు చేసి షాపు పెట్టుకున్న మనకు సగం మిగిలిన సీసా పారేయడం కష్టమే. కానీ పెళ్లికూతురి కన్ను వాస్తే ఆ ఊళ్లో మళ్లీ మనల్ని పిలవరు.