ఇద్దరు డాక్టర్లు, ఒక ప్లీడరు, ఒక సైన్యాధికారి, ఒక వ్యాపారి



ఆసుపత్రి వార్షిక నివేదిక చేతికి అందగానే చాలామంది మొదట ఫొటోలు చూస్తారు, తరువాత ఓ.పి., ఆపరేషన్లు, కాన్పుల లెక్కలు చూస్తారు. చివరి పేజీలో సలహా సంఘం సభ్యుల పేర్లుంటాయి. వాటిని చదివేవారు తక్కువ. చదివినవారిలో కొందరు మాత్రం మమ్మల్ని సూటిగా అడుగుతుంటారు: "ఆసుపత్రి నడిపేది డాక్టర్లూ నర్సులూ కదండీ! మధ్యలో ఈ రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, ఈ ప్లీడరు గారు, ఈ ఇంజనీరు గారు ఎందుకు? మర్యాద కోసమా?"

ఇది మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పడానికి మన అందరికీ తెలిసిన రెడ్ క్రాస్ సంస్థ తొలి రోజులను తీసుకుందాం. ఎర్ర సిలువ గుర్తు తెలియనివారు లేరు. మన జిల్లా కేంద్రాల్లో రెడ్ క్రాస్ రక్తనిధి ఎంతమంది బాలింతల ప్రాణాలు నిలబెట్టిందో నర్సులనడిగితే చెబుతారు. కానీ ఆ సంస్థను మొదట నడిపించిన ఐదుగురు ఎవరో, ఏ పని చేసుకునేవారో తెలిసినవారు కొద్దిమందే. ఆ ఐదుగురిలో డాక్టర్లు ఇద్దరే!

కథ 1859 జూన్ 24న ఇటలీ దేశంలోని సోల్ఫెరీనో దగ్గర మొదలైంది. ఫ్రాన్స్, సార్డీనియా సైన్యాలు ఒకవైపు, ఆస్ట్రియా సైన్యం మరోవైపు. ఒక్క రోజు యుద్ధంలో చనిపోయినవారు, గాయపడినవారు, కనిపించకుండా పోయినవారు కలిసి సుమారు 40 వేలమంది. ఆ సాయంత్రం దగ్గరలోని కాస్టిల్యోనే అనే ఊరికి హెన్రీ డ్యూనాంట్ అనే 31 ఏళ్ళ వ్యక్తి వచ్చాడు. ఆయన డాక్టరు కాదు, సైనికుడు కాదు. స్విట్జర్లాండులోని జెనీవాకు చెందిన వ్యాపారి. అల్జీరియాలో తన కంపెనీ పెట్టిన పిండి మిల్లు కోసం భూమి, నీటి హక్కు కావాలని ఫ్రాన్స్ చక్రవర్తి మూడవ నెపోలియన్‌కు అర్జీ పెట్టుకోవడానికి బయలుదేరాడు.

ఊరిలోని చర్చీలు, ఇళ్ళు, వీధులు గాయపడినవారితో నిండిపోయాయి. డాక్టర్లు చాలడం లేదు, నీళ్ళిచ్చేవారు లేరు. డ్యూనాంట్ ఊరి స్త్రీలను పోగుచేశాడు. తన డబ్బుతో గుడ్డలు, సామాను తెప్పించాడు. బందీలుగా పట్టుబడిన ఆస్ట్రియా డాక్టర్లను విడిపించి వైద్యానికి పెట్టుకునేలా చూశాడు. ఏ దేశపు సైనికుడని చూడకుండా ఆ స్త్రీలు అందరికీ సేవ చేశారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గాయానికి కట్టు ఎలా కట్టాలో డ్యూనాంట్‌కు తెలియదు. మనుషులను కూర్చడం, సరుకు తెప్పించడం, అధికారుల తలుపు తట్టడం తెలుసు. అవి వ్యాపారి విద్యలు. అంతకు ముందే 1852లో జెనీవాలో వై.ఎం.సి.ఎ. స్థాపించినవారిలో ఆయన ఒకడు కాబట్టి సంఘం నడపడమూ అలవాటే.

1862లో తాను చూసినది పుస్తకంగా రాసి, సొంత ఖర్చుతో 1,600 ప్రతులు అచ్చు వేయించి, యూరపులోని రాజులకు, మంత్రులకు, సేనాధిపతులకు పంపాడు. అందులో రెండు సలహాలున్నాయి. యుద్ధం లేని కాలంలోనే ప్రతి దేశంలోనూ సహాయ సంఘాలు ఏర్పాటు చేసుకోవాలన్నది మొదటిది. గాయపడినవారి విషయంలో దేశాలన్నీ ఒక ఒప్పందానికి రావాలన్నది రెండవది.

పుస్తకం చదివి చాలామంది కన్నీరు పెట్టుకున్నారు. అంతటితో ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆగకుండా చేసినవాడు గుస్తావ్ మోనియే. ఆయన లా చదివినవాడు, జెనీవా ప్రజాహిత సంఘానికి అధ్యక్షుడు. కదిలించే ఉపన్యాసాలు ఆయన పద్ధతి కాదు. 1863 ఫిబ్రవరి 9న తన సంఘం సమావేశపు అజెండాలో ఈ విషయాన్ని పెట్టాడు, పరిశీలించడానికి ఐదుగురిని నియమింపజేశాడు. ఫిబ్రవరి 17న ఆ ఐదుగురు మొదటిసారి కూర్చున్నారు. ఈనాటి అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీకి అదే పుట్టినరోజు.

ఆ బల్ల చుట్టూ ఉన్నవారిలో పెద్దవాడు జనరల్ డ్యూఫూర్, 75 ఏళ్ళు. చదువుకు ఇంజనీరు. 1823లో జెనీవాలో తీగలతో వేలాడే వంతెన కట్టడంలో పాలుపంచుకున్నాడు. స్విట్జర్లాండు దేశపటాన్ని మొదటిసారి సక్రమంగా కొలిపించి గీయించిన ఘనత ఆయనదే. అంతకన్నా ముఖ్యమైనది 1847 నాటి అంతర్యుద్ధం. సొంత దేశస్థుల మీదికే సైన్యాన్ని నడిపించవలసి వచ్చినప్పుడు, గాయపడిన శత్రువులను, ఆయుధం పట్టనివారిని కాపాడాలని తన సైనికులకు ఆజ్ఞ ఇచ్చి, నెల తిరగకముందే యుద్ధం ముగించాడు. రెండు వైపులా కలిపి చనిపోయినవారు సుమారు 100 మంది. అలాంటి మనిషి "ఇది సాధ్యమే" అంటే మిగతా దేశాల సేనాధిపతులు నవ్వి తోసిపుచ్చలేరు.

మొదటి సమావేశంలోనే ఆయన అనుభవం బయటపడింది. రాజుల, దేశాల సమ్మతి లేకుండా ఇది ముందుకు సాగదన్నాడు. యుద్ధభూమిలో సహాయకులను గుర్తుపట్టడానికి ఒక గుర్తు ఉండాలన్నాడు. పొగలో, గందరగోళంలో ఎదుట వచ్చేవాడు సహాయకుడో గూఢచారో సైనికుడికి ఎలా తెలుస్తుంది? యుద్ధం నడిపినవాడికే తోచే ప్రశ్న అది.

ఇక ఇద్దరు డాక్టర్లు. లూయీ అపియా యుద్ధ గాయాల శస్త్రచికిత్సలో అనుభవజ్ఞుడు. 1859లో ఇటలీ ఆసుపత్రులలో పని చేశాడు, విరిగిన కాళ్ళు చేతులు కదలకుండా రోగిని మోసే సాధనం తయారు చేశాడు. 1863 అక్టోబరు సమావేశంలో సహాయకులు తెల్లని చేతిపట్టీ ధరించాలని ప్రతిపాదించింది ఆయనే. చర్చ తరువాత దాని మీద ఎర్ర సిలువ చేరింది. 1864లో డెన్మార్క్ యుద్ధం వచ్చినప్పుడు ఆ పట్టీ కట్టుకొని స్వయంగా రణభూమికి వెళ్ళాడు. రెండవ సర్జన్ డాక్టర్ తియోడోర్ మోన్వార్ (పేరు మోనియేకు దగ్గరగా ఉంది, పొరబడకండి). డాక్టరై ఉండీ ఆయన మొదటి సమావేశంలో మాట్లాడింది మందుల గురించి కాదు. రాజుల దగ్గరనుండి సామాన్యుల వరకు అందరిలో కదలిక తేవాలి, లేకపోతే ఈ పని నిలవదన్నాడు. రోగం ఇంట్లోనే మొదలవుతుందని తెలిసిన డాక్టరు మాట అది.

ఐదుగురూ భక్తిగలవారే, ఒకే ఊరివారే. అయినా అన్ని విషయాల్లోనూ ఏకీభవించలేదు. అసలు సంగతి ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

1863 సెప్టెంబరులో బెర్లిన్‌లో గణాంక శాస్త్రవేత్తల మహాసభ జరిగింది. డ్యూనాంట్ అక్కడికి వెళ్ళాడు. డాక్టర్ బాస్టింగ్ అనే డచ్చి సైనిక సర్జన్ ఆయనతో ఒక మాట అన్నాడు. గాయపడినవారిని చూసే డాక్టర్లను ఇరువైపులవారూ శత్రువులుగా చూడకూడదు, వారిని తటస్థులుగా ఎంచాలి, అది లేకపోతే మిగతా ఏర్పాట్లన్నీ వ్యర్థం. డ్యూనాంట్ వెంటనే కమిటీ పేరు మీద ఆ కోరికను చేర్చి కరపత్రం అచ్చు వేయించి పంచేశాడు. కమిటీని అడగలేదు!

మోనియేకు ఇది నచ్చలేదు. ఏ ప్రభుత్వమూ ఒప్పుకోని కోరిక పెడితే ఉన్నది కూడా పోతుందని ఆయన భయం. ప్లీడరుగా ఆ భయం న్యాయమైనదే. కమిటీ పేరును అనుమతి లేకుండా వాడటం కూడా తప్పే. కానీ అక్టోబరులో జెనీవాలో 16 రాష్ట్రాల నుండి వచ్చిన 36 మంది ఆ తటస్థతను కాదనలేదు, తమ సిఫారసులలో చేర్చారు. మరుసటి సంవత్సరం, 1864 ఆగస్టు 22న 12 రాజ్యాలు సంతకం చేసిన జెనీవా ఒప్పందంలోనూ అది చేరింది. ముసాయిదా రాసినవారు ఎవరు? అసాధ్యమని భయపడిన మోనియే, ఆయనతో డ్యూఫూర్. వ్యాపారి సాహసం లేకపోతే ఆ మాట పుట్టేది కాదు. ప్లీడరు కలం లేకపోతే అది కరపత్రంగానే మిగిలిపోయేది.

వృత్తి అనుభవం మేలు చేసినట్టే కీడూ తెస్తుంది. డ్యూనాంట్ రెడ్ క్రాస్ పనుల్లో మునిగి తన కంపెనీని సరిగా చూసుకోలేదు. ఆయన డైరెక్టరుగా ఉన్న జెనీవా బ్యాంకు 1867లో మునిగింది. అప్పు సుమారు పది లక్షల ఫ్రాంకులు. మన ఊళ్ళలో అయితే ఐ.పి. పెట్టాడనేవారు. ఇతరుల డబ్బు పోయింది. ఆయన తోటి వాటాదారులను తెలిసి మోసపుచ్చాడని 1868లో కోర్టు తీర్పు చెప్పింది. కమిటీ 1867 సెప్టెంబరులోనే ఆయనను తొలగించింది. ఆయన మళ్ళీ జెనీవాలో అడుగు పెట్టలేదు.

కమిటీ చేసింది కఠినమా? సంస్థ పేరును కాపాడటానికి తొలగించడం సబబే అనిపిస్తుంది. దానధర్మాలతో నడిచే సంస్థకు నమ్మకమే మూలధనం. అయితే తరువాత ఇరవై ఏళ్ళకు పైగా సంస్థను స్థాపించినవాడి పేరే మరుగున పడనివ్వడం మాత్రం సబబు కాదు. మోనియే 1864 నుండి 1910లో చనిపోయేదాకా అధ్యక్షుడిగా ఉన్నాడు. సంస్థను నిలబెట్టింది ఆయన ఓపికే, సందేహం లేదు. కానీ వారిద్దరూ రాజీపడలేదు.

ఆ బల్ల దగ్గర ఇంకో లోటు కూడా ఉంది. కాస్టిల్యోనేలో రాత్రింబగళ్ళు సేవ చేసింది స్త్రీలు. కమిటీలో ఒక్క స్త్రీ లేదు. మొదటి స్త్రీ సభ్యురాలు రెనే మార్గరీత్ క్రామెర్ 1918లో వచ్చారు. ఆమె లా చదివిన చరిత్రకారిణి, మొదటి ప్రపంచ యుద్ధంలో బందీల వివరాలు సేకరించే విభాగంలో పని చేసినవారు. అధ్యక్ష పదవికి ఒక స్త్రీ రావడానికి 2022 దాకా ఆగవలసి వచ్చింది. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం మనకు తెలిసినదే. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు భోజనం సరిగా అందడం లేదని సణుగు వచ్చినప్పుడు ఏడుగురిని ఏర్పరచారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వారి వైపు మనుషులకే పని అప్పగించారన్నమాట.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. నాకు తెలిసిన ఒక మిషన్ ఆసుపత్రిలో విదేశీ దాతల డబ్బుతో చక్కని కంటి ఆపరేషన్ థియేటర్ కట్టారు. కమిటీలో అందరూ డాక్టర్లు, పాస్టర్లు. కరెంటు బిల్లు ఎంతవుతుంది, మిషను చెడిపోతే బాగుచేసేవారెవరు, టెక్నీషియన్ జీతం ఎక్కడనుండి వస్తుంది అని అడిగినవారు లేరు. ప్రతిష్ఠ ఆరాధన ఘనంగా జరిగింది. రెండేళ్ళకు తలుపుకు తాళం పడింది. శుక్లాలతో వచ్చిన ముసలివారిని బస్సెక్కించి పట్నం పంపేవారు. ఒక్క ఆడిటరు గారో, ఒక్క ఇంజనీరు గారో బల్ల దగ్గర ఉండి ఉంటే ఆ మూడు ప్రశ్నలు మొదటి రోజే వచ్చేవి.

ఈ రోజుల్లో అవసరం ఇంకా పెరిగింది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ ప్రకారం ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ఖాతాలోకే రావాలి. ఆఫీసు ఖర్చులకు ఇంతకు ముందు 50 శాతం వరకు వాడుకోవచ్చు, ఇప్పుడు 20 శాతమే. వచ్చిన విరాళాన్ని మరో సంస్థకు పంచడానికి వీల్లేదు. లెక్క తప్పితే రిజిస్ట్రేషనే పోవచ్చు, దానితో వార్డూ మూతపడవచ్చు. ఇది స్టెతస్కోపుకు దొరికే జబ్బు కాదు.

సలహాదారు వేరు, పాలకవర్గ సభ్యుడు వేరు అని కూడా చెప్పాలి. పాలకవర్గ సభ్యులు ఓటు వేస్తారు, చట్టం ముందు జవాబుదారులు. సలహాదారు సాధారణంగా ఓటు లేకుండా అభిప్రాయం చెబుతారు. అయినా ఆ అభిప్రాయం మినిట్సు పుస్తకంలో ఎక్కాలి, ముఖ్యంగా అది "వద్దు" అన్న మాట అయినప్పుడు. సభ్యుడికి గానీ ఆయన బంధువులకు గానీ మందుల షాపో, కాంట్రాక్టో ఉంటే, ఆ విషయం చర్చకు వచ్చినప్పుడు ముందే చెప్పి బయట కూర్చోవాలి. మన దగ్గర ఇది మొహమాటం వల్ల జరగదు. "మనవాడే కదా" అంటాం.

కాబట్టి ఈసారి నివేదిక వచ్చినప్పుడు చివరి పేజీ కూడా చదవండి. పేర్ల పక్కన వృత్తులు రాసి ఉన్నాయో లేదో చూడండి. నర్సింగు నుండి ఎవరైనా ఉన్నారా, ఇక్కడ వైద్యం పొందిన కుటుంబాల నుండి ఎవరైనా ఉన్నారా చూడండి. లేకపోతే అడగండి, ఉత్తరం రాయండి.

డ్యూనాంట్ చివరికి ఏమయ్యాడని కొందరు అడగవచ్చు. చాలా ఏళ్ళు బీదరికంలో తిరిగి, 1892 నుండి స్విట్జర్లాండులోని హైడెన్ అనే పల్లెలో ఆసుపత్రి గదిలో ఉన్నాడు. 1895లో ఒక పత్రికా విలేఖరి ఆయనను వెతికి పట్టుకొని రాసిన తరువాతే లోకానికి మళ్ళీ గుర్తొచ్చాడు. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతిని ఫ్రెడెరిక్ పాసీతో కలిసి అందుకున్నాడు. 1910 అక్టోబరు 30న ఆ గదిలోనే కన్నుమూశాడు. వీలునామాలో కొంత డబ్బు విడిచిపెట్టాడు, ఆ పల్లె ఆసుపత్రిలో బీదవారి కోసం ఒక ఉచిత పడక ఎప్పుడూ ఉండాలని.