చెరువు గట్టున పార్క్ ఓకే.. మరి చెరువులో కడితే? రూల్స్ ఏం చెబుతున్నాయంటే..

నంద్యాల చిన్నచెరువు కావొచ్చు, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊరి చెరువు కావొచ్చు.. వాకింగ్ ట్రాక్, పిల్లల పార్క్ వస్తున్నాయంటే అందరికీ సంతోషమే. కానీ ఆ పేరుతో ఎక్కడ పడితే అక్కడ కట్టడానికి వీల్లేదు.

ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు-2017లో కీలకమైన మాట ఎఫ్‌టీఎల్, అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్. చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అదే హద్దు. దాని లోపల ఎలాంటి నిర్మాణమూ చేయకూడదు. మే నెలలో ఎండిపోయి పిల్లలు క్రికెట్ ఆడుతున్నా సరే, అది చెరువే!

ఎఫ్‌టీఎల్ దాటాక బఫర్ జోన్ మొదలవుతుంది.

* 10 హెక్టార్లు (దాదాపు 25 ఎకరాలు), ఆపైన ఉన్న చెరువులకు: 30 మీటర్లు
* అంతకంటే చిన్న చెరువులు, కుంటలకు: 9 మీటర్లు

ఈ బఫర్‌లో పచ్చదనం, వినోద అవసరాలకే చోటు. ఇళ్లు, షాపులు కుదరవు.

చిక్కంతా ఇక్కడే. 'వినోదం' అనే మాట పట్టుకుని ముందు బెంచీలు, తర్వాత షెడ్డు, ఆ తర్వాత హోటల్ లేస్తే చెరువు కుంచించుకుపోతుంది. పెద్ద వాన పడితే ఆ నీళ్లు మన ఇళ్లలోకే వస్తాయి. చెరువులు, కుంటలు ఊరందరివీ, వాటిని కాపాడాల్సిందేనని సుప్రీంకోర్టు 2001లోనే హించ్ లాల్ తివారీ కేసులో స్పష్టం చేసింది.

ఎఫ్‌టీఎల్‌ను నిర్ధారించేది ఇరిగేషన్, రెవెన్యూ శాఖలు. అనుమానం ఉంటే సమాచార హక్కు చట్టం కింద ఆ మ్యాప్ అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

మీ ఊరి చెరువు దగ్గర శంకుస్థాపన జరుగుతుంటే ముందు అడగాల్సింది ఒక్కటే.. ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడ?