గుండె జబ్బు మనిషికి మన పొలం నుంచి ఏం పంపాలి?

మాది ఎలమంచిలి దగ్గర ఊరు.

కిందటేడు వేసవిలో విశాఖలో ఉండే మా బావగారికి గుండెకు స్టెంట్ వేశారు. చూడ్డానికి వెళ్తూ అయిదు కిలోల బెల్లం, ఓ జాడీ కొత్త ఆవకాయ పట్టుకెళ్లాను. "అంతా మందులు కొట్టని పంటే అప్పా, భయం లేదు" అన్నాను. మా అప్ప జాడీ వైపు చూసి, "ఒరే తమ్ముడూ, ఎరువు వెయ్యకపోతే ఉప్పు ఉప్పు కాకుండా పోద్దేట్రా?" అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మనం ఎంత శుద్ధంగా వండినా బెల్లం తీపే, ఒంట్లో అది చక్కెర లెక్కే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు అంటోంది. అంటే ఒక టీస్పూను. అందులో కూర, చారు, పచ్చడి అన్నీ సర్దుకోవాలి.

ఇప్పుడు నేను కట్టే మూట ఇది:

చోళ్లు 2 కిలోలు. సామలో కొర్రలో 2 కిలోలు. మిల్లులో చెప్పి పాలిష్ తక్కువ పట్టించండి, ఎక్కువ పడితే పీచు తవుడులో పోతుంది. పెసలు, ఉలవలు కిలో చొప్పున. ఉప్పు లేకుండా వేయించిన వేరుశనగ గుళ్లు అరకిలో. గానుగ నూనె ఒక లీటరు, దాంతోపాటు కొలతకి ఒక చెంచా. గానుగదైనా నూనె నూనేగా!

చివరిగా ఆవకాయ బదులు అవిసె పొడి. అవిసె గింజలు, కరివేపాకు, ఎండుమిర్చి వేయించి, వెల్లుల్లి, కాస్త చింతపండు వేసి దంచాలి. ఉప్పు వద్దు, పులుపే రుచి నిలబెడుతుంది. ఎలా చేయాలో వీడియోలో చూపించాను. పొడి పొట్లాన్ని మన ఏటికొప్పాక లక్క భరిణెలో పెట్టి ఇస్తాను. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన, అంకుడు కర్రతో చేసే పని అది. ఇచ్చినా అందంగా ఉంటుంది.

పొట్లాల మీద తేదీ, 'ఉప్పు వేయలేదు' అని రాయండి. షుగరు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు ఏది ఎంత తినాలో డాక్టరునే అడగాలి. ఇవి తింటున్నామని మాత్రలు మానకూడదు.

సంక్రాంతికి వెళ్తే మా అప్ప చోడి అంబలి మజ్జిగ కలిపి ఇచ్చింది, పక్కన ఆ పొడి. బావగారు తాగి, "చప్పగానే ఉందోయ్" అన్నారు. గ్లాసు మాత్రం మళ్లీ చాపారు.