వక్రరేఖ గీయుటకు బిందువుల నెన్నుకొను విధము

గణితమునందు ఒక ప్రమేయమునకు రేఖాపటము గీయునప్పుడు దానియందలి అనంతమైన బిందువులన్నిటిని మనము లెక్కింపజాలము. కాగితముపై గీచినను, కంప్యూటరుచే గీయించినను, కొన్నిటినే యెన్నుకొని సరళరేఖలతో కలుపుదుము. ఆ యెన్నిక చెడినచో, లెక్క యెంత సరియైనను పటము అబద్ధమాడును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల బాలబాలికలు పేరెఱిగిన మూసీనది దీనికి మంచి దృష్టాంతము.

మూసీ సూర్యాపేటకు సమీపమున పాఱి, మిర్యాలగూడ ప్రాంతమునందలి వాడపల్లి యొద్ద కృష్ణలో కలియుచున్నది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదిన ఈ నదియే హైదరాబాదును ముంచి వేలకొలది ప్రాణములను బలిగొన్నది. అట్టి వరద ఒకటి రెండు దినములలోనే పొంగి తీయవచ్చును. నీటిమట్టమును వారమునకొక్కమారు మాత్రమే కొలిచి పటము గీచినయెడల, నడుమ వచ్చిన వరద అందు కానరాదు. చూచువాడు నది శాంతముగా నుండెనని నమ్మును; ఆ నమ్మకముతో గట్టుక్రింద ఇల్లు కట్టుకొన్నవాని గతి యేమి?

ప్రమేయములందును ఇట్లే జరుగును. ర = సైన్(360° × య) అను ప్రమేయమును తీసికొందము. య విలువలు 0, 1, 2, 3 అని యెన్నుకొన్నచో ర ప్రతిచోటను 0 అగును. పటమున చదునైన గీత కనబడును. నిజమునకు అది పైకి 1 వఱకును, క్రిందికి −1 వఱకును ఊగుచుండును. మఱియొకటి: ర = 1 ÷ (య − 2). య 1 అయినప్పుడు ర −1, 3 అయినప్పుడు 1. ఈ రెంటిని కలిపిన గీత య = 2 యొద్ద సున్నను దాటును; కాని అచ్చట ప్రమేయమునకు విలువయే లేదు. అచ్చట గీతను తెంపవలెను.

దీనికి ప్రోగ్రాము వ్రాయువారు అనుసరించు ఉపాయ మొకటి కలదు. ప్రక్కప్రక్క బిందువుల నడుమ మఱియొక బిందువును లెక్కించి, అది కలిపిన గీతకు దూరముగా నున్నచో ఆ భాగమును విభజించి మరల పరీక్షింతురు. దగ్గఱగా నున్నచో విడిచిపెట్టుదురు. ఇట్లు వంపులున్నచోట బిందువులు దట్టముగను, చదునైనచోట పలుచగను ఏర్పడును. అయితే సరిగా నడిమి బిందువునే చూచుట ప్రమాదము. పై సైన్ ప్రమేయము 0.5 యొద్దను సున్నయే, యంత్రము మోసపోవును. 0.4 యొద్ద చూచినచో ఇంచుమించు 0.59 వచ్చి గుట్టు బయటపడును. తెగినచోట విభజన యెన్నటికిని ముగియదు గనుక దానికొక హద్దును ముందే నియమింపవలెను.

కాబట్టి హారము ఎచ్చట సున్న యగునో, విలువ యెంత వేగముగా మాఱునో ముందు ఆలోచించి, పిమ్మట బిందువుల నెన్నుకొనవలెను. విద్యార్థులు సైన్(720° × య)ను మొదట 0.25 చొప్పునను, పిదప 0.1 చొప్పునను గీచి, రెండు పటములను ప్రక్కప్రక్కను పెట్టి చూతురుగాక.