కూలివాని మొర వినే దేవుడు

'సంఘం' అనగానే విశ్వాసులమైన మనకు గుర్తొచ్చేది ఆదివారం ఆరాధనకు కూడుకునే దేవుని సంఘం. ఫ్యాక్టరీ గేటు దగ్గర అదే మాటకు అర్థం కార్మిక సంఘం. ఈ రెండింటికీ పొత్తు లేదని మనలో చాలామంది అనుకుంటాం. 'యూనియన్‌లో చేరడం విశ్వాసికి తగునా?' అని యౌవనస్థులు అడిగితే, 'అవి లోక సంబంధమైనవి' అంటూ పెద్దలు దాటవేస్తుంటారు. వాక్యమూ చరిత్రా అలా చెప్పడం లేదు.

ఇంగ్లండులోని డోర్సెట్ ప్రాంతంలో టాల్‌పడిల్ అనే చిన్న గ్రామం ఉంది. 1830ల ఆరంభంలో అక్కడి వ్యవసాయ కూలీలకు వారానికి 9 షిల్లింగులు వచ్చేవి. భూస్వాములు దాన్ని 8కి, తర్వాత 7కి తగ్గించారు. 6కు దించుతామన్నారు. అప్పుడు జార్జ్ లవ్‌లెస్ అనే కూలీ తోటివారిని కూడగట్టి 1833లో ఒక సంఘం పెట్టాడు. ఆయన మెథడిస్టు ప్రసంగీకుడు కూడా. వాళ్లు గడ్డివాములు తగలబెట్టలేదు, ఎవరిమీదా చెయ్యి చేసుకోలేదు. తక్కువ కూలికి ఎవరమూ పనికి వెళ్లవద్దని కట్టుబడ్డారు, అంతే.

అప్పటికి సంఘం పెట్టుకోవడం నేరం కాదు. ఆ నిషేధం 1824లోనే తొలగింది. అందుకని నావికుల తిరుగుబాటును అణచడానికి 1797లో చేసిన పాత చట్టాన్ని వెతికి తీశారు. రహస్య ప్రమాణం చేయించారన్న నేరం మోపి, 1834 మార్చిలో ఆరుగురికి ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష విధించి ఆస్ట్రేలియాకు పంపారు.

లవ్‌లెస్ తర్వాత రాసిన వృత్తాంతంలోని ఒక సంగతి బోధకులమైన మనల్ని నిలదీస్తుంది. న్యాయమైన కూలి ఇస్తామని యజమానులు ఒప్పుకున్నప్పుడు ఆ ఊరి చర్చి గురువు తానే సాక్షినన్నాడట. వాళ్లు మాట తప్పినప్పుడు మాత్రం ఆ సంగతే కాదన్నాడట. గురువు నోట రాని సాక్ష్యం సామాన్యుల నోట వచ్చింది. వేలాదిమంది లండన్ వీధుల్లో ఊరేగారు, విజ్ఞాపనల మీద సంతకాలు చేశారు. 1836లో ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించక తప్పలేదు.

మన దేశంలోనూ ఈ హక్కు ఊరికే రాలేదు. 1918లో మద్రాసు మిల్లు కార్మికులు బి.పి.వాడియా నాయకత్వంలో మద్రాస్ లేబర్ యూనియన్ స్థాపించారు. యాజమాన్యం కోర్టుకెక్కడంతో నాయకులకు రక్షణ లేదని తేలింది. అలాంటి అనుభవాల నుంచే 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం పుట్టింది. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ దాని స్థానంలోకి వచ్చినా, సంఘంగా ఏర్పడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో పదిలంగానే ఉంది.

'ఉన్న జీతంతో తృప్తిపడమని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పలేదా?' అని కొందరంటారు. ఆ మాట ఎవరితో చెప్పాడో గమనించాలి. ప్రజలను బెదిరించి డబ్బు గుంజగల సైనికులతో చెప్పాడు (లూకా 3:14). కూలి ఎగ్గొట్టబడినవాడి నోరు మూయడానికి దాన్ని వాడకూడదు. బిగబట్టిన కూలి మొరపెడుతుందనీ, ఆ మొర దేవుని చెవిని చేరుతుందనీ యాకోబు హెచ్చరించాడు (5:4). నెహెమ్యా దినాల్లో పొలాలు పోగొట్టుకున్న పేదలు ఒక్కొక్కరుగా గొణుక్కోలేదు, కలిసి కేక వేశారు. నెహెమ్యా మహాసమాజాన్ని కూర్చి, ప్రధానుల చేత ఆ పొలాలు తిరిగి ఇప్పించాడు (5వ అధ్యాయం). ఒక్కడి మొరను పెడచెవిని పెట్టడం తేలిక. సమాజమంతా నిలబడితే దొర కూడా కూర్చుని మాట్లాడాలి. యూనియన్ విలువ అదే.

యూనియన్లలో స్వార్థమూ, చందాల గోల్‌మాలూ, దౌర్జన్యమూ లేవని కాదు. అందుకే సత్యం పలికే విశ్వాసి అక్కడ ఉండాలి. లెక్క సరిగా చూపేవాడు, పగ లేకుండా న్యాయం అడిగేవాడు ఏ సంఘానికైనా ఉప్పులాంటివాడు.

మన మందిరాల్లో యజమానీ కూలివాడూ ఒకే బల్లలో పాలుపొందుతారు. కాబట్టి ఈ బోధ ముందు మన ఇంటినుంచే మొదలుకావాలి. మందిరం ఊడ్చే ఆమెకు, వాచ్‌మన్‌కు, మన బడిలో పాఠం చెప్పే టీచరుకు జీతం సరైన రోజున అందుతోందా? కూలివాని కూలి పొద్దు గుంకకముందే ఇవ్వాలని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది (ద్వితీ. 24:15). కమిటీ పెద్దలు వచ్చే సమావేశంలో కానుకల లెక్కకంటే ముందు ఈ లెక్క చూడాలి.